ఫిల్తీ అంటే ఏమిటని అత్తయ్య అడిగారు

ప్రియమైన నీకు,

ఇక్కడ నేనూ, పిల్లా బాగానే ఉన్నాం. నువ్వు అక్కడ వేళకు ఇంత తింటూ, దొరికినప్పుడైనా కంటినిండా నిద్రపోతున్నావనుకుంటాను. ‘అందరం క్షేమం’ అని రాయబోయి కలం ఆపాను. ఆ మాట ఎందుకు రాయలేకపోయానో ఉత్తరం పూర్తయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు, గట్టిగా తిప్పితే మూలుగుతుందంతే. పిల్లకి పైపన్ను ఊడింది. కొత్తది వచ్చేదాకా బడికి వెళ్ళనని ఒక పూటంతా మొండికేసి, పక్కింటి పిల్లకి రెండు పళ్ళు ఊడాయని తెలిశాక ఉత్సాహంగా వెళ్ళింది. లెక్కల్లో వెనకబడలేదు. అల్లరిలో అసలే వెనకబడలేదు. నీ ఊదారంగు శాలువా ఎక్కడికీ పోలేదు, మంచం కింద పెట్టెలో ఉంది. మీ వార్డులో హెడ్ నర్సు అందరినీ ఝాడిస్తోందని రాశావు. నీ ట్రైనింగ్ పూర్తయ్యేలోగా ఆవిడే నిన్ను చూసి సర్దుకుంటుంది, నాకు నమ్మకముంది.

ఇక చివర అడిగిన ప్రశ్న. ‘అమ్మ ఫోనుకెందుకు రావడం లేదు? ఎప్పుడు చేసినా స్నానానికి వెళ్ళిందంటారు. మా అమ్మ రోజంతా స్నానం చేస్తుందా?’ అని రాశావు. చదివి నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

అత్తయ్య మనింట్లో లేరు. మీ చెల్లెలింట్లో ఉంటున్నారు. నీ ట్రైనింగ్ పాడవుతుంది, ఇప్పుడే చెప్పొద్దని మరదలిని నేనే బతిమాలుకున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వినగానే నేను మాట మార్చేస్తాను. కాగితం మీదైతే రాసింది కొట్టేసినా కనబడుతుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు వెళ్తూ పిల్లను చూసుకోవడానికి ఆవిడను తీసుకొచ్చి పెట్టావు. పిల్ల బడికి వెళ్ళాక గోడలు చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ‘చేతులు ఊరికే ఉంటే నాకు జబ్బు చేస్తుంది బాబూ, మీ హోటల్లో ఏదైనా పనుంటే చూడండి’ అన్నారు. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర ఒక మనిషి తక్కువగా ఉంది. సూపర్‌వైజర్ని నేనే కాబట్టి చేర్చుకున్నాను. ‘అల్లుడి కింద అత్తగారి ఉద్యోగమా, ఇద్దరిలో ఎవరు ముందు పారిపోతారో చూస్తాను’ అని నువ్వు ఫోనులో ఆటపట్టించావు. కానీ మొదట్లో మేం బాగానే ఉన్నాం. నేను హోటల్లో ఆవిడను అందరి ముందూ అత్తయ్యా అనే పిలిచేవాడిని. తక్కినవాళ్ళు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. చివరికి బాయిలర్ చూసుకునే ముసలాయన కూడా అత్తయ్యా అంటుంటే ఆవిడ కొంగు చాటున నవ్వుకునేవారు.

ఆ లాండ్రీ నువ్వు చూడలేదు. భూమి లోపల గది. కిటికీలు లేవు. పై అంతస్తుల గదుల్లో తీసేసిన దుప్పట్లూ తువ్వాళ్ళూ ఒక రేకుగొట్టంలోంచి జారి మా నెత్తిన పడతాయి. పడేముందు పైనుంచి ఫోను చేసి, వస్తున్నవి ఎలాంటివో చెబుతారు. దాన్ని బట్టి ఏ యంత్రంలో వేయాలో, ఏ మందు కలపాలో చూసుకోవాలి. ఆ చెప్పడం ఇంగ్లీషులో. నేను లేనప్పుడు ఫోను ఎత్తాలంటే తనకూ ఆ మాటలు తెలియాలని అత్తయ్య పట్టుబట్టారు.

అలా మనింట్లో రోజూ భోజనాల దగ్గర మురికి పాఠం మొదలైంది. డస్టీ అంటే దులిపితే పోయేది. గ్రీజీ అంటే జిడ్డు. స్టెయిన్డ్ అంటే మరకపడింది. ‘మడ్డీ’ అనగానే ఆవిడ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, ‘మడ్డి వాళ్ళకీ ఉందా’ అని ఆశ్చర్యపోయారు. వాళ్ళ మడ్డీ నూనె అడుగున ఉండే మన మడ్డి కాదనీ, బురద అనీ చెప్పాను. గ్రబ్బీ అంటే ఆడుకుని వచ్చిన పిల్ల మోకాళ్ళని చెబితే పిల్ల కాళ్ళు లోపలికి లాక్కుంది. డింజీ అంటే ఎంత ఉతికినా కళ తిరిగి రాని పాత తెలుపు. గ్రైమీ దగ్గర కాస్త తడబడ్డాను. రోజూ తుడవకపోతే పొర మీద పొర పేరుకుని గోడలో కలిసిపోయే నలుపని చెబితే, ‘అంటే మకిలి’ అన్నారు. సాయిల్డ్ అనే మాట పిల్ల లేనప్పుడు చెప్పాను. రోగి పక్కల మీద ఉండేదాన్ని పెద్దమనుషులు అలా అంటారని.

‘ఇన్ని పేర్లెందుకు బాబూ వాళ్ళకి’ అన్నారు ఒకరోజు.

‘ఎలాంటిదో తెలిస్తే ఉతకడం తేలిక కదా’ అన్నాను.

‘ఉతికేది మనం, పేర్లు పెట్టేది వాళ్ళు. బాగుంది’ అని కంచం తీసుకుని లేచారు.

ఒక మాట మాత్రం నేను నేర్పలేదు. ఫిల్తీ. అది గుడ్డల గురించి అనే మాటే అయినా, అనేవాడి మొహం చూస్తే తెలుస్తుంది, అది గుడ్డ దగ్గర ఆగదని. ఆవిడకు దాంతో అవసరం రాదనుకున్నాను.

అత్తయ్య చేతుల సంగతి నీకు చెప్పనవసరం లేదు. మామయ్య పోయాక మీ ఇద్దరినీ పెంచింది ఆ చేతులే. అన్నేళ్ళు అద్దకం కార్ఖానాలో తొట్లలో మునిగిన చేతులు. గోళ్ళ చుట్టూ, వేళ్ళ గీతల్లో, అరచేతి మడతల్లో నీలం నలుపుగా దిగిపోయి ఉంటుంది. సబ్బుకి పోదు, నిమ్మకి పోదు. ఆవిడ రోజుకెన్నిసార్లు కడుక్కుంటారో కూడా నీకు తెలుసు.

ఒక మధ్యాహ్నం చిన్నసారు లాండ్రీలోకి దిగాడు. యజమాని కొడుకు. ఎక్కడెక్కడో చదివొచ్చాడు, మన భాష ముక్క రాదు. చేతిలో ఎవరో గొప్ప అతిథి తెల్లకోటు. భుజం మీద నల్లటి చార. అది ఎక్కడిదో నాకు చూడగానే తెలిసింది. కోట్లు తగిలించే కమ్మీ పైన గొలుసు తిరుగుతుంది, దాని గ్రీజు కారుతోంది. రేకు కప్పించమని నేనే పైకి చెప్పి ఉన్నాను. కోట్లు మడత బల్ల దాకా రావు. అత్తయ్య ఆ కోటుని కంటితో కూడా చూడలేదు.

చిన్నసారు చూపు గదంతా తిరిగి, తెల్లదుప్పటి మీద ఉన్న అత్తయ్య చేతుల దగ్గర ఆగింది. ఈ ఫిల్తీ చేతులతోనా నా అతిథుల బట్టలు ముట్టుకునేది అన్నాడు. చూపు చేతుల మీంచి మొహం మీదికి తెచ్చి, ఫిల్తీ వుమన్ అన్నాడు. ఆమెకి చెప్పు అని నావైపు తిరిగాడు.

గొలుసు సంగతి నేను చెప్పి ఉండాల్సింది. అది నా నాలిక చివరే ఉంది. నేను అత్తయ్యవైపు తిరిగి, ‘కోటుకి కొంచెం మరకయిందట అత్తయ్యా. ఇకమీదట చూసుకోమంటున్నారు’ అన్నాను.

ఆవిడ మొహం తేలికపడింది. ఇంతేనా అన్నట్టు ఊపిరి వదిలి, నేను నేర్పిన మాటలు వరసగా అన్నారు. ‘సారీ సార్. థాంక్యూ సార్.’ సబ్బుతోనే కడుక్కున్నాను చూడమన్నట్టు రెండు అరచేతులూ చాపారు. చిన్నసారు ఒక అడుగు వెనక్కి వేసి, కోటు నా భుజం మీద పడేసి వెళ్ళిపోయాడు. నేను మంచిపనే చేశాననుకున్నాను. పెద్దావిడ మనసు నొప్పించకుండా కాపాడానని ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

భోజనాల దగ్గర ఆవిడ అడిగారు.

‘బాబూ, ఆయన రెండుసార్లు అన్నాడు. ఫిల్తీ అని. ఆ మాట మీరు నాకు చెప్పలేదే.’

‘గ్రైమీ లాంటిదే అత్తయ్యా. రంగు పట్టి వదలనిదాన్ని అలా అంటారు.’

‘నా చేతుల్లాగానా?’

‘అలాంటిదే.’

ఆవిడ ఆ మాటని లోపల్లోపల రెండుసార్లు అనుకుని కంఠతా పట్టారు. పిల్ల కూడా సరదాగా అందుకుంది. నేను కసిరాను. నేనెప్పుడూ దాన్ని అలా కసరను. అత్తయ్య నాకేసి చూసి, మాటే కదా, ఎందుకంత కోపమన్నారు. మంచినీళ్ళ కోసం లేచాను.

ఆ వారంలోనే పైనుంచి కబురొచ్చింది. ఆమె బట్టల దగ్గర కనిపించకూడదు, వెనక చెత్త వేరుచేసే షెడ్డులో వెయ్యమని. అదీ నేనే చెప్పాను. అక్కడ గాలి బాగా వస్తుందనీ, యంత్రాల హోరు ఉండదనీ, మీ వయసుకి అదే నయమనీ చెప్పాను. ఆవిడ నమ్మారు. నా గురించి అల్లుడు ఎంత ఆలోచిస్తాడో అని మీ చెల్లెలికి ఫోనులో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. షెడ్డు నుంచి వచ్చాక తలంటుకోనిదే పిల్లను దగ్గరికి రానిచ్చేవారు కాదు. పిల్ల గుమ్మంలో నిలబడి, అమ్మమ్మా ఇంకా అవలేదా అని గోల చేసేది. ఆ రోజుల్లో నువ్వు ఫోను చేస్తే నేను చెప్పిన స్నానం మాట నిజమే. తర్వాత చెప్పినవే అబద్ధాలు.

ఇంతవరకూ రాసింది నీకు కోపం తెప్పించి ఉంటుంది. ఇంకా ఉంది.

ఒక ఉదయం పెద్దమేడమ్, చిన్నసారు వాళ్ళమ్మ, ఎవరో నలుగురు పెద్దవాళ్ళకి హోటలంతా తిప్పి చూపిస్తూ వెనకవైపుకి వచ్చింది. చిన్నసారూ నేనూ వెంట ఉన్నాం. గాలికి పెద్దమేడమ్ మెడలోని పట్టుగుడ్డ ఎగిరి షెడ్డు ముందు పడింది. అత్తయ్య గబగబా వచ్చి, వంగి, సరిగ్గా తీయబోయి ఆగిపోయారు. కోటు గొడవ గుర్తొచ్చి ఉంటుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, మర్యాదగా నవ్వి, జాగ్రత్తగా ఒక్కొక్క మాటా కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పారు.

‘సారీ మేడమ్. మై హ్యాండ్స్ ఫిల్తీ. ఐ ఫిల్తీ. థాంక్యూ.’

 ముందు పెద్దమేడమ్ నవ్వింది. వెంట ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నసారైతే పొట్ట పట్టుకుని, పోనీ, ఆ సంగతి ఆమెకైనా తెలుసు అని నా వీపు మీద చరిచాడు.

నేనూ నవ్వాను.

పెదవులతో కాదు, పళ్ళు కనబడేలా నవ్వాను. తన ఇంగ్లీషు అందరికీ నచ్చిందనుకుని అత్తయ్య కూడా మాతో కలిసి నవ్వారు. ఆవిడ నవ్వుతూ నావైపు చూశారు, ఎలా చెప్పాను బాబూ అన్నట్టు. ఆ చూపు ఎక్కడ దాచుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

మా దగ్గర ఇస్త్రీ తాత అని ఒకాయన ఉన్నాడు. కుర్రతనంలో పై అంతస్తుల్లో దొరల గదులకి కాఫీలు మోసినవాడు. మధ్యాహ్నం అత్తయ్య ఆయన దగ్గరికి వెళ్ళి ఆ మాటకి అర్థం అడిగారట. మీ అల్లుణ్ణి అడగమ్మా అన్నాడట. అడిగాను, ఆయన చెప్పింది సరిపోలేదు, నవ్విన తీరు వేరేగా ఉంది అన్నారట. తాత చెప్పేశాడు. అసహ్యం వేసేంత రోత అనీ, మనిషిని అంటే ఉమ్మేసినట్టేననీ చెప్పాడు. ఇదంతా ఆయనే తర్వాత నాతో అన్నాడు. చెప్పి, నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ సాయంత్రం నేను వచ్చేసరికి అత్తయ్య పిల్లకి హోంవర్కు పెట్టి, వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

‘రేపు నాతో ఆ చిన్నసారు దగ్గరికి రండి బాబూ’ అన్నారు. ‘నేను మన మాటల్లో చెబుతాను. మీరు ఉన్నది ఉన్నట్టు ఆయన మాటల్లో చెప్పండి. అంతకుమించి మిమ్మల్ని ఏమీ అడగను.’

‘పోనివ్వండి అత్తయ్యా. అన్నవాడు ఈపాటికి మరిచిపోయి ఉంటాడు.’

‘అనిపించుకున్నది నేను కదా.’

అప్పుడు నేను నిన్ను అడ్డం పెట్టుకున్నాను. నువ్వు ట్రైనింగ్ మధ్యలో ఉన్నావన్నాను. పిల్ల బడి అన్నాను. నా ఉద్యోగం పోతే ముగ్గురం రోడ్డున పడతామన్నాను. నిజంగా పోతుందో లేదో నాకే తెలియదు. ఇన్నేళ్ళుగా నా పని వాళ్ళకి నచ్చింది, బహుశా ఏమీ అయ్యేది కాదు. నాకు భయం ఉద్యోగం గురించి కాదు. ఆయన ఎదుట నిలబడి, ఈవిడ మా అత్తగారు అని చెప్పాల్సి వస్తుందని. నీకు చెప్పకుండా దాచింది ఇదే. హోటల్లో అందరికీ తెలుసు, చిన్నసారుకి తప్ప. మా వాళ్ళందరూ అత్తయ్యా అని పిలుస్తుంటే అదేదో ఆవిడ పేరనుకున్నాడు. నేను ఆ పొరపాటు సరిదిద్దలేదు. కోటు తెచ్చిన రోజూ సరిదిద్దలేదు, నవ్విన రోజూ లేదు.

అత్తయ్య మర్నాడు పొద్దున్నే లేచి పిల్లకి జడలు వేసి, బడిలో దింపి, అటునుంచి అటే బస్సెక్కి మీ చెల్లెలింటికి వెళ్ళిపోయారు. వంటింట్లో నా భోజనం మూతపెట్టి ఉంది.

మొన్న సెలవురోజు పిల్లను తీసుకుని వెళ్ళాను. వాళ్ళు దర్జీ కొట్టు పైన ఉంటున్నారని తెలుసు కదా. మెట్ల మీదే పిల్ల చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. అత్తయ్య దాన్ని ఒళ్ళోకి తీసుకుని మొహమంతా తడిమారు. వేళ్ళకి పచ్చరంగు కొత్తగా ఉంది. ఆ వీధి చివర అద్దకం షెడ్డులో మళ్ళీ పనికి వెళ్తున్నారట.

నేను ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. మధ్యలో చాప వెడల్పంత దూరం. అత్తయ్య నావైపు తలతిప్పకుండా, ‘మీ బావగారికి మంచినీళ్ళివ్వు’ అన్నారు మరదలితో.

తాగి, క్షమించమన్నాను. నవ్వినందుకు సిగ్గుపడుతున్నానని, ఇంటికి రమ్మని అడిగాను. ఆవిడ అంతా విన్నారు. విని మరదలివైపు తిరిగారు.

‘నవ్వినందుకు కాదని చెప్పు. నలుగురూ నవ్వితే నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. అడిగినప్పుడు అబద్ధం చెప్పినందుకని చెప్పు. ఆ మాటేదో తెలిసుంటే ఊరుకునేదాన్నో, తిరగబడేదాన్నో, అది నా ఇష్టం. ఆ ఇష్టం లేకుండా చేసి, నా నోటితోనే వాడికి థాంక్యూ చెప్పించారని చెప్పు.’

అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. అయినా మరదలు పాపం నావైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, ‘అమ్మకి మనసుకి కాస్త కష్టంగా ఉందట బావా’ అంది.

‘కాస్త అని నేను అనలేదు’ అన్నారు అత్తయ్య.

మరదలు మళ్ళీ మొదటినుంచి, ఒక్క మాట పోకుండా చెప్పింది. నేను మళ్ళీ మొదటినుంచి, ఒక్క మాట పోకుండా విన్నాను. పిల్ల ఆవిడ ఒళ్ళో కూర్చుని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

లేచే ముందు అడిగాను. ఆ రోజు చిన్నసారుతో ఏం చెప్పించాలనుకున్నారో ఇప్పుడైనా చెప్పండి, రేపే వెళ్ళి చెబుతాను, ఉద్యోగం పోతే పోనీ అన్నాను. నిజంగానే అన్నాను. ఈసారి భయపడేవాడిని కాదు.

అత్తయ్య పిల్ల జుట్టులోంచి చెయ్యి తీయలేదు.

‘మీ బావగారికి చెప్పనని చెప్పు’ అన్నారు. ‘ఆయన నోట్లో పడితే ఎంత గట్టి మాటైనా మెత్తబడిపోతుంది.’

మరదలు దాన్ని తిరిగి చెప్పలేకపోయింది. నేను చెప్పులేసుకుని దిగి వచ్చేశాను. పిల్లను ఆ రాత్రికి అక్కడే ఉంచమన్నారు, ఉంచాను.

ఇంకా ఆ ఉద్యోగానికే వెళ్తున్నాను. మర్నాడు చిన్నసారుతో, ఆవిడ మా అత్తగారని చెప్పాను. ఎవరు అన్నాడు. వివరించాను. ఓ, అన్నాడు. ఫోను మోగితే ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను అంతకాలం అంత జాగ్రత్తగా దాచింది ఆయనకి అక్కరే లేదు.

మరదలి ఫోనుకి చెయ్యి. అత్తయ్య తీస్తారు, ఇక దాచొద్దని చెప్పేశాను. నా తరఫున ఏమీ మాట్లాడకు. నువ్వు నాకు రాయబోయే ఉత్తరంలో కూడా నన్ను ఏమనాలనిపిస్తే అదే మాట రాయి. పిల్ల కోసమైనా నువ్వు జాగ్రత్త.

ఇట్లు,
మీ అమ్మగారి పెద్దల్లుడు